తిన్నవా అని అడిగితే

మా వరంగల్‌లో మనిషి ఎదురైతే మొదట అడిగే మాట "తిన్నవా?" బాగున్నావా అనేది దాని తర్వాతే. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే ఉంటుంది. "తిన్న." కడుపులో మెతుకు లేకపోయినా అదే జవాబు. తినలేదంటే అడిగినవాళ్ళు ఇంట్లోకి పిలిచి పళ్ళెం పెట్టాలి. ఆ పూట వాళ్ళింట్లో కూర ఉందో లేదో, పాపం ఎందుకు వాళ్ళకు ఇబ్బంది అని మర్యాదకు అట్లా అంటాం. మాటలు వచ్చినప్పటి నుంచీ పిల్లలకు ఇది నేర్పుతాం. నా జబ్బు ఏళ్ళ తరబడి ఆ మర్యాద చాటునే దాక్కుని ఉంది.

ఆ మధ్య మా గల్లీ చివరింటి రజిత వచ్చింది. కువైట్‌లో ఇంటిపనికి వీసా వచ్చిందట. "స్వరూపక్కా, నువ్వు పోయొచ్చినదానివి గదా, ఏమేం సర్దుకోవాలెనో జర చెప్పు" అంది. మామిడికాయ తొక్కు, కారప్పొడి, చలికి రగ్గు, తలనొప్పి గోలీలు అన్నీ చెప్పాను. అసలు చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. పిల్ల అంత సంబరంగా ఉంటే భయపెట్టడమెందుకు అనిపించింది. అది వెళ్ళిపోయాక మాత్రం నా మీద నాకే కోపం వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు పూర్తిగా నయమైందని మాత్రం అనుకోకండి. మధ్యాహ్నమయ్యేసరికి తడిబట్టను పిండినట్టు ఒళ్ళంతా నీరసమొస్తుంది. ఓపిక ఉన్నప్పుడు నాలుగు ముక్కలు రాస్తున్నాను, లేనప్పుడు పడుకుంటున్నాను.

మాది కొత్తవాడ. మా ఆయన శంకర్ జంపఖానాలు నేస్తాడు. మగ్గం పని మందగించిన కాలంలో నేను మస్కట్‌కు వెళ్ళాను. ఎందుకు వెళ్ళాల్సి వచ్చిందో, ఏం సంపాదించానో రాయను. ఆ లెక్కలు మా వాడలో ఇంటింటికీ ఉన్నవే. మా బిడ్డ అక్షిత అప్పటికి బడికి రెండు జడలు వేసుకుని పోయే పిల్ల. దాన్ని వాళ్ళ బాపమ్మకు, అదే మా అత్తమ్మకు, అప్పగించి విమానమెక్కాను. తిరిగొచ్చేసరికి ఇంటర్‌లో చేరి నాకన్నా పొడుగైంది.

మస్కట్‌లో నేను పనిచేసిన ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు, అన్నం దగ్గర తక్కువ చేయలేదు. "ఆడ నిన్నేమన్నా జేసిన్రా?" అని చుట్టాలు గుచ్చి గుచ్చి అడిగేవాళ్ళు. వాళ్ళు వినాలనుకునే కథ నా దగ్గర లేదు. మంచం దిగలేని ఒక ముసలామెను చూసుకోవడం నా పని. ఆమె దిండు పక్కన చిన్న గంట ఉండేది. దాహమైనా, ఒత్తిగిలాలన్నా, ఊరికే భయమేసినా ఆ గంట ఊపేది. నా అన్నమేమో బట్టలుతికే మిషను ఉన్న గదిలో. కూర్చుంటే లేవడానికి ఆలస్యమవుతుందని నిలబడే తినేదాన్ని. ముద్ద నోట్లో పెట్టుకునేసరికి గంట మోగేది. వెళ్ళి వచ్చేసరికి అన్నం చల్లారిపోయేది. ఇంకో ముద్ద, ఇంకో గంట. కొన్నాళ్ళకు గంట మోగకపోయినా మోగినట్టే ఉండేది. నోట్లో ముద్ద పెట్టుకుని నమలకుండా చెవి గోడకేసి నిలబడేదాన్ని.

దానికన్నా కష్టమైనది ఇంకొకటి ఉంది. అప్పుడు నాకది కష్టమని కూడా తెలియదు. మా ఇళ్ళల్లో తింటుంటే పక్కనెవరో "ఇంకింత ఏస్కో" అనాలి. మనం వద్దనాలి. వాళ్ళు వినకుండా వెయ్యాలి. మనం కసురుకుని తినాలి. ఈ గొడవ లేకపోతే మాకు తిన్నట్టే ఉండదు. అక్కడ నాకు వేసుకో అన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళూ లేరు. గిన్నెలో అన్నం ఉండేది, కుబూస్ అని వాళ్ళ రొట్టె ఉండేది, కావలసినంత మాంసం ఉండేది. మెల్లమెల్లగా ఆకలే రావడం మానేసింది. ఇక్కడి నుంచి పట్టుకుపోయిన తొక్కు సీసా మూత తీసి వాసన చూసి, అయిపోతుందేమోనన్న భయంతో మళ్ళీ పెట్టేసేదాన్ని. చివరికి అది నేను తినకుండానే బూజు పట్టింది. ఆ రోజు మనిషి పోయినట్టు ఏడ్చాను.

ఇంటికి ఫోన్ చేస్తే అక్షిత మొదట అడిగేది ఒకటే.

"తిన్నవా అమ్మా?"

"తిన్న బిడ్డా."

"ఏం కూర?"

పిల్లలతో వచ్చిన చిక్కే అది. పెద్దవాళ్ళు తిన్నవా దగ్గర ఆగిపోతారు, పిల్లలు ఆగరు. కూరలు కల్పించడం నేర్చుకున్నాను. పుంటికూర, అంటే గోంగూర పప్పు అనేదాన్ని, చిక్కుడుకాయ టమాట అనేదాన్ని, పచ్చిపులుసులో ఉల్లిగడ్డ ఎంత సన్నగా తరిగానో కూడా చెప్పేదాన్ని. ఇవతల అది లొట్టలు వేసేది. నేను అవతల ఖాళీ కడుపుతో నవ్వేదాన్ని.

ముసలామె పోయాక నన్ను ఇంటికి పంపేశారు. దసరా వెళ్ళాక దిగాను. సద్దుల బతుకమ్మ అయిపోయి గల్లీలో ఎండిన తంగేడు పూలు అక్కడక్కడా పడి ఉన్నాయి. ఇంట్లో అడుగు పెట్టగానే పుంటికూర పప్పు వాసన కొట్టింది. అక్షితే వండింది. "నువ్వు ఆడ వండుకునేటివే అన్ని జేసిన. ఎవలది మంచిగుందో చెప్పాలె, నీదా నాదా?" అంటూ పళ్ళెం నా ముందు పెట్టింది. అత్తమ్మ, మా ఆయన, పక్కింటివాళ్ళు అందరూ చుట్టూ కూర్చున్నారు. ఇన్ని కళ్ళ ముందు నేను అన్నం తిని ఏళ్ళయింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. చెవి గంట కోసం వెతికింది. ముద్ద దిగలేదు, వీపంతా చెమట. ప్రయాణం బడలిక అని చెప్పి లేచిపోయాను. బిడ్డ మొహం వాడిపోవడం చూశాను. చూసీ ఆగలేకపోయాను.

ఆ తర్వాత నాకో సులువైన దారి దొరికింది. "మీరు తినుండ్రి, నేను ఎనుక తింట." కోడలు అందరి వెనక తినడం మా ఇళ్ళల్లో వింతేం కాదు కదా. పైగా మా అత్తమ్మ పొంగిపోయి గల్లీ అంతా చాటింది. "ఎన్నేండ్లు పరాయి దేశంల ఉన్నా నా కోడలు పద్ధతి మర్వలే. అందరం తిన్నంకనే తాను తింటది" అని. నేను చిక్కిపోతున్నకొద్దీ నా పేరు పెరిగిపోయింది. వంటింట్లో బియ్యం డబ్బా పక్కన నిలబడి ఒకటో రెండో ముద్దలు మింగేదాన్ని. మిగిలింది కవర్లో కట్టి, పొద్దున్నే గల్లీ మూలనున్న బర్రెలోళ్ళ కుడితి గోలెంలో వేసి వచ్చేదాన్ని. ఆ చలికాలం వాళ్ళ బర్రె మాత్రం బాగా బలిసింది.

మొదట మా ఆయనకే అనుమానమొచ్చింది. "ఏందే, గిట్ల సన్నగైతాన్నవ్?" అన్నాడు. నీళ్ళు మారినయ్ అన్నాను. గల్లీ డాక్టరు గ్యాస్ అన్నాడు. సగం చలికాలం గ్యాస్ గోలీలతో గడిచింది. తర్వాత రక్తం తీశారు, కడుపు స్కాను తీశారు, గొంతులోంచి గొట్టం దించి చూశారు. బయట కుర్చీలో మా ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేసే చేతులు కాబట్టి ఊరుకోలేక, ప్యాంటు మీది పోగులు పీకుతూ కూర్చునేవాడు. రిపోర్టులన్నీ బాగానే వచ్చాయి. ఏదో ఒక రోగం దొరికితే బాగుండునని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఇంత ఆరోగ్యంగా ఉండి తినని మనిషిని ఎవరు ఓర్చుకుంటారు?

"అన్ని మంచిగుంటె మరి నీకేమైంది?" అని మా ఆయన ఒకనాడు గట్టిగానే అడిగాడు. "మా ఇంటి తిండి నీకిప్పుడు పడుతలేదా? గా దేశం తిండే కావాల్నా?"

నాకే తెలియనిది ఏం చెప్పను? ఆ రోజు ఆయన కూడా సగం అన్నం వదిలేసి మగ్గాల షెడ్డుకు పోయాడు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అత్తమ్మ దిష్టి తీసింది, తాయత్తు కట్టించింది. కుక్కరు కూత పెడితే నేను ఉలిక్కిపడేదాన్ని. ఊరికే కళ్ళ వెంట నీళ్ళొచ్చేవి. తినకపోవడంకన్నా తిన్నట్టు నటించడానికే ఒంట్లో ఉన్న కాస్త సత్తువా అయిపోయేది.

మాఘమాసం వచ్చింది. ఆ ఏడు మేడారం జాతర. నేను విమానమెక్కిన నాడే మా అత్తమ్మ మొక్కుకుంది, కోడలు క్షేమంగా ఇల్లు చేరితే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లం. మనిషిని తరాజులో కూర్చోబెట్టి, ఆ మనిషి ఎత్తు బెల్లం తూచి, అడవిలో తల్లుల గద్దెలకు సమర్పిస్తారు. అత్తమ్మ ముందుగానే బెల్లం దుకాణానికి పోయి మంచి ముద్దలు ఏరి పక్కన పెట్టించి వచ్చింది. కోడలెంత బరువుంటుందో ఆమెకు తెలియదా? నేను ఒళ్ళున్న మనిషిని. పెళ్ళిలో మా ఆయన పక్కన నిలబడితే తాటిచెట్టు పక్కన కల్లుకుండ అని మా ఆడబిడ్డలు ఆటపట్టించారు. అత్తమ్మ కళ్ళల్లో ఇంకా ఆ మనిషే ఉంది. ఇంట్లో రోజూ చూస్తున్నా, స్వెట్టరు మీద కొంగు కప్పుకుని తిరిగే నన్ను ఆమె సరిగ్గా చూసింది లేదు.

దుకాణం ముందు జనం కిటకిటలాడుతున్నారు. పిల్లలను, కొత్త పెళ్ళికొడుకులను, ఒక పోలీసాయనను కూడా తూస్తున్నారు. అందరూ నవ్వుతున్నారు. మా వంతు వచ్చింది. అత్తమ్మ ఏరిపెట్టిన ముద్దలన్నీ ఒక పక్కన పేర్చారు. రెండో పక్కన నేను కూర్చున్నాను. కూర్చోగానే గాల్లోకి లేచిపోయాను. జనం గొల్లున నవ్వారు. అక్షిత ఫోన్‌లో వీడియో తీస్తూ తానూ నవ్వింది.

"ఒకటి తీయిరా" అన్నాడు దుకాణమాయన. ఒక ముద్ద తీశారు. నేను కదల్లేదు. ఇంకోటి తీశారు. ఇంకోటి. నవ్వులు తగ్గాయి. ముద్దలు తీస్తూనే ఉన్నారు, నేను పైనే ఉన్నాను. ఎవరో ఆడమనిషి "అయ్యో" అంది. అక్షిత ఫోన్ కిందికి దించేసింది. చివరికి కాళ్ళు నేలకు తగిలినప్పుడు చూస్తే, తీసిపెట్టిన బెల్లం నా పక్కన చిన్న గుట్టలా ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. కొంగు లాక్కుని కప్పుకున్నాను.

"గివి కట్టమంటవా అవ్వా?" అని దుకాణమాయన తరాజులో ఉన్న బెల్లం చూపించాడు.

"తీసినయి గూడ కట్టు" అంది అత్తమ్మ.

"మొక్కు మనిషెత్తే గద అవ్వా. ఎక్కువ ఎందుకు?"

"నేను మొక్కింది నా కోడలికి. నా కోడలు గింత లేకుండె." నా దగ్గరికొచ్చి, కొంగు కింద చెయ్యి పెట్టి నా భుజమెముకను తడిమింది. "సగం మనిషిని ఏడ ఇడిసిపెట్టి వచ్చినవే బిడ్డా?"

అంత జనంలో నేను బావురుమన్నాను. ఆమె నన్ను తరాజు మీంచి చిన్నపిల్లను దించినట్టు దించింది. బరువనిపించలేదట. ఆ మాట ఇప్పటికీ చెప్పుకుని ఏడుస్తుంది.

ఆటోలో ఆమె నా చెయ్యి వదల్లేదు. "పొద్దుగాల పెద్ద దవాఖానకు పోదాం" అంది.

"ఎల్లుండి జాతరకు పోతాన్నం గదనే అవ్వా, వచ్చినంక చూపిద్దాం" అన్నాడు మా ఆయన.

"తల్లులు అడవిలనే ఉంటరు, ఏడికి పోరు. ఇది పోతాంది."

ఆ ఏడు మా బంగారాన్ని మా ఆడబిడ్డ వాళ్ళు తీసుకుపోయి సమర్పించారు.

పెద్ద దవాఖానలో డాక్టరు పాత రిపోర్టులన్నీ తిరగేసి, మెల్లగా, మనసుకు సంబంధించిన డాక్టరుకు చూపించండి అన్నాడు. మా ఆయన మొహం మాడిపోయింది. వాడలో తెలిస్తే ఏమంటారు, అక్షితకు రేపు సంబంధాలెట్లా అని ఆయన ఫికర్. చివరికి సుబేదారిలో ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి, అటు మనవాళ్ళెవరూ రారులే అని బయలుదేరాం. మెట్లెక్కి లోపలికి పోతే ఎదురుగా కుర్చీలో మా ఆయన షెడ్డులోనే నేసే రాజేందర్, పక్కన వాళ్ళ తమ్ముడు.

"కండ్ల డాక్టర్ కోసం వచ్చినం" అన్నాడు రాజేందర్ గబుక్కున.

"మేం గూడ కండ్లకే" అన్నాడు మా ఆయన.

ఆ మెట్లెక్కితే కండ్ల డాక్టరే లేడు. ఇద్దరూ కాసేపు ఫ్యాను వంక చూశారు. రఘునాథపల్లి నుంచి వచ్చిన ఒక రైతు పెద్దమ్మ, కొడుకును చూపించడానికి వచ్చిందట, ఇదంతా విని కిసుక్కున నవ్వింది. "నేను నిన్న మా ఊరోళ్ళకు పండ్ల డాక్టర్ అని చెప్పిన. నాకున్నయే నాలుగు పండ్లు" అంది. రాజేందర్ నవ్వాడు, మా ఆయన నవ్వాడు. తన తమ్ముడు దుబాయ్ నుంచి వచ్చినప్పటి నుంచి గది తలుపు వేసుకునే తింటున్నాడని, తలుపు కొడితే తినడం ఆపేస్తున్నాడని అప్పుడు చెప్పాడు రాజేందర్. ఆ పిల్లగాడు తల దించుకునే ఉన్నాడు. నేను వాడి చేతులే చూశాను. నాకులాగే వాడికీ మణికట్టు నుంచి గడియారం జారిపోతోంది. నాకొక్కదానికే కాదన్నమాట అనుకున్నాను. చాలా నెలల తర్వాత ఊపిరి కాస్త లోపలిదాకా పోయింది.

డాక్టరమ్మ నన్ను ఏం తింటున్నావని అడగలేదు. "ఎవరితో కూర్చుని తింటావమ్మా?" అని అడిగింది. అంతే, గంట గురించి, బట్టల మిషను గది గురించి, బూజు పట్టిన తొక్కు గురించి, బర్రె గురించి అన్నీ చెప్పేశాను. ఆమె నవ్వలేదు. భయం శరీరానికి అలవాటైపోయిందని, అదీ జబ్బేనని, నా పొగరూ కాదు దయ్యమూ కాదని చెప్పింది. గోలీలు రాసింది. వారం వారం వచ్చి మాట్లాడమంది. కూర్చుని తినాలి, పక్కన ఒక్కరే ఉండాలి, వాళ్ళు నా పళ్ళెంలోకి చూడకూడదు, వేసుకోమని బలవంతం చేయకూడదు అంది.

"ఇంకింత ఏస్కో అనకుంటె గది తినుడేంది?" అని అత్తమ్మ దారి పొడుగునా విస్తుపోయింది. కానీ మాట నిలబెట్టుకుంది. నేను తినేటప్పుడు చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ, గోడకేసి చూస్తూ కూర్చునేది. ఆ బియ్యం ఎన్నిసార్లు ఏరిందో, దాంట్లో ఒక్క రాయి కూడా మిగల్లేదు. పాపం నోరు ఊరుకోక ఒక్కోసారి "ఇం..." అని, వెంటనే పెదవి కొరుక్కునేది.

గోలీలకు నోరెండిపోయేది, నిద్ర ముంచుకొచ్చేది. నాలుగు రోజులు తింటే రెండు రోజులు వెనక్కి పోయేది. ఉగాది నాడు పచ్చడి గొంతు దిగింది, మర్నాడు నీళ్ళు కూడా దిగలేదు. ఒకసారి ఎవరికీ చెప్పకుండా గోలీలు మానేశాను, వారమంతా పడకేశాను. ఇంక ఈ బతుకింతే, ఇంతమందిని ఎందుకు సతాయించాలి అని కూడా అనుకున్నాను. అలసిపోయాను. బాగుపడటానికి కూడా ఓపిక కావాలని అప్పటిదాకా నాకు తెలియదు.

ఎండలు ముదిరాయి. అక్షిత ఎంట్రెన్సు క్లాసులకు పోతోంది. ఒకరోజు మధ్యాహ్నం ఇంటికి రాగానే అడిగాను.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"ఏం కూర?" ఊరికే అడిగాను.

"వంకాయ."

పొద్దున డబ్బాలో నేను పెట్టింది దొండకాయ. పొరపాటున అందేమో అనుకున్నాను. కానీ ఆ "తిన్న" అన్న గొంతు నాకు బాగా తెలుసు. అది నా గొంతే. మర్నాడు క్లాసు వదిలే వేళకు గల్లీ మూల దాకా పోయి నిలబడ్డాను. అక్షిత వచ్చింది. అటూ ఇటూ చూసి, డబ్బా మూత తీసి, అన్నమంతా బర్రెలోళ్ళ కుడితి గోలెంలో బోర్లించింది.

నన్ను చూసి బెదిరిపోయింది. వెంటనే కోపమొచ్చింది దానికి. "నువ్వేయలేదా? నేను చూడలేదనుకున్నవా? చలికాలం నుంచి చూస్తాన."

"నాకు రోగం బిడ్డా. నీకేమైంది?"

"తెల్వది. నువ్వు తినకుంటె నాకు లోపలికి పోతలేదు." కళ్ళు తుడుచుకుంది. "ఆడికెళ్ళి ఫోన్ల చెప్పిన కూరలన్ని అబద్ధమేనా అమ్మా?"

"అబద్ధమే."

"అన్నీనా?"

"అన్నీ."

"నువ్వు చెప్పిన తీరుగనే బాపమ్మతోని నేర్చుకున్న నేను. నువ్వు వచ్చినంక నీకు జేసి పెట్టాలని."

అక్కడే గోలెం పక్కన అరుగు మీద కూలబడ్డాను. ఎండ మాడుస్తోంది. నేను పోతే పోయాను, నా బిడ్డ కూడా నా వెనకే వస్తోందని ఆ పూట తెలిసింది. అంతకుముందు డాక్టరమ్మ చెప్పినా, అత్తమ్మ ఏడ్చినా, నాకు భయమేయలేదు. అప్పుడు వేసింది. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. తిను అని చెప్పే మొహం నాకు లేదు. "ఇగ ఇద్దరం ఒక్కటే జేద్దాం. తింటె తిన్న అందాం, తినకుంటె తినలే అందాం. ఉత్తగ చెప్పొద్దు. అంతే" అన్నాను. అది నా భుజం మీద మొహం పెట్టి తలూపింది. నా ఎముక దానికి గుచ్చుకుందేమో, కొంచెం పక్కకు జరిగి మళ్ళీ పెట్టింది. ఆ వారం దాన్ని కూడా సుబేదారికి తీసుకుపోయాను. మా ఆయనే బండి మీద దించాడు. దారిలో ఎవరో అడిగితే, కండ్లకు అనలేదు. "బిడ్డ సరిగ తింటలేదు, డాక్టరమ్మకు చూపిస్తాన" అన్నాడు.

తినలే అని నోటితో అనడం ఎంత కష్టమో మీకు తెలియదు. మా వాడలో ఆ మాటే ఎవరూ అనరు. మొదటిసారి అన్నప్పుడు తప్పు చేసినదానిలా తల దించుకున్నాను. అక్షిత సంచి పక్కన పడేసి, "నేను గూడ తినలే" అని రెండు పళ్ళేలు తెచ్చింది. పప్పు చల్లగా ఉంది. వేడి చేద్దామని కూడా ఇద్దరికీ ఓపిక లేదు. అట్లాగే తిన్నాం. సగం సగం మిగిల్చాం. అత్తమ్మ అటు తిరిగి, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతూ కూర్చుంది. తర్వాత చూస్తే చాటలో బియ్యం మీద తడి మచ్చలున్నాయి.

ఇదంతా అయ్యాక వచ్చింది రజిత, ఏం సర్దుకోవాలక్కా అని. నేను ఈ కాగితాలు రాస్తూ పడుకుంటూ లేస్తూ ఉండగానే అది వెళ్ళే రోజు వచ్చేసింది. సంచులు ఆటోలో పెడుతుంటే పోయి చెయ్యి పట్టుకున్నాను. "పైలం బిడ్డా. నేను ఫోన్ జేసి తిన్నవా అని అడుగుత. తినకుంటె తినలే అనే చెప్పు, నా మీద ఒట్టు" అన్నాను. అది నవ్వి, "నేను తినకుంట ఉంటనా అక్కా, నన్ను చూసినవా?" అంది. నిజమే, నేను మస్కట్ పోయిన నాడు ఉన్నట్టే నిండుగా ఉంది.

నిన్న దానితో వీడియోలో మాట్లాడాను. మొహం కాస్త లాగినట్టుంది. వెనకాల అటకలు, గోడకు తగిలించిన చీపురు, తెల్లని బట్టల మిషను. అచ్చం నేను నిలబడి తిన్న గదే.

"తిన్నవా రజితా?"

చాలాసేపు తెరలో బొమ్మ కదలకపోతే లైను తెగిందేమో అనుకున్నాను.

"తినలే అక్కా" అంది.

"ఆగు" అని నా పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చి, ఫోన్‌ను చెంబుకు ఆనించి, ఎదురుగా కూర్చున్నాను. "నీది గూడ తెచ్చుకో. కింద కూసో, నిలబడకు." అది తెచ్చుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. ముద్ద కలిపిందో లేదో, లోపల్నించి ఎవరో పిలిచారు. దాని చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"పిలుస్తాన్రక్కా. నువ్వు తిను, ఆలస్యమైతది."

"పోయి రా. నేను గిట్లనే కూసుంట."

అది లేచి వెళ్ళిపోయింది. తెర మీద గోడ, చీపురు, దాని పళ్ళెం అంచు మాత్రమే మిగిలాయి. అక్షిత వచ్చి, ఏందమ్మా తింటలేవు అని కంగారుపడింది. రజిత రావాలి అన్నాను. అది కూడా పళ్ళెం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. అన్నం చల్లారిపోయింది. రజిత తిరిగొచ్చి, మేమింకా అక్కడే ఉండటం చూసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని కూర్చుంది. ముగ్గురం తిన్నాం.